దిండ్లకు పేర్లున్న ఇల్లు

వారానికో పది రోజులకో మా నల్లపాడు వీధిలోకి ఒక ట్రాలీ ఆటో వస్తుంది. పైన మైకు, వెనకాల రంగురంగుల ఫోమ్ పరుపులు. "పాత పరుపు ఇవ్వండి, కొత్త పరుపు తీసుకోండి" అని రికార్డు గొంతు ఒకటి అదే పనిగా అరుస్తూ ఉంటుంది. మొన్న ఆ ఆటో అతను సరిగ్గా మా గుమ్మం ముందు ఆపి, పాత దూది పరుపులు, దిండ్లు ఏమన్నా ఉన్నాయా అక్కా అని అడిగాడు. లేవు పొమ్మన్నాను. గొంతు కాస్త గట్టిగానే లేచినట్టుంది, బిత్తరపోయి ఆటో ముందుకు పోనిచ్చాడు. పాపం అతనేం చేశాడు? పాత దిండు అన్న మాట వింటే ఈ మధ్య నాకు ఒళ్లు మండుతోంది. కుట్టు మిషను మీదున్న జాకెట్టు పక్కన పడేసి లేచాను.

మా నాయన దూదేకేవాడు. సత్తెనపల్లి దారిలో మా ఊరు. చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. ఊళ్లో పెద్దా చిన్నా అందరూ ఆయన్ని సాయిబూ అనే పిలిచేవాళ్లు. వరస కలిపేవాళ్లు సాయిబు బాబాయ్ అనేవాళ్లు. ఆయన అసలు పేరు ఓట్ల రోజున తప్ప ఎవరి నోటా విన్నట్టు నాకు గుర్తు లేదు. మనిషి పొట్టి. దూదేకే విల్లు ఆయన కంటే పొడుగు. దాన్ని భుజానికి తగిలించుకుని సైకిలెక్కితే, ఎదురొచ్చేవాళ్లే పక్కకు తప్పుకునేవాళ్లు.

వీధిలోకి వెళ్లి కేకలు వేయడం ఆయనకు నచ్చేది కాదు. మలుపులో సైకిలాపి, విల్లు కిందికి దించి, దానికి బిగించిన నరం ఒక్కసారి మీటేవాడు. టుంయ్ మని ఆ మోత నాలుగు బజార్లకు వినపడేది. ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు. నరం ఉండగా గొంతు చించుకోవడం దేనికి అనేవాడు.

ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద, మీసం మీద, చెవుల మీద దూది నూగు. అమ్మ పంచెతో దులిపితేగానీ లోపలికి రానిచ్చేది కాదు. మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన మీసం తెల్లగానే చూశాం. నిజంగా ఎప్పుడు నెరిసిందో ఇంట్లో ఒక్కరం కూడా కనిపెట్టలేదు. ముసలివాడయ్యాడన్న సంగతి దగ్గు ఎక్కువయ్యాకే తెలిసింది.

పరుపులు కుట్టే పొడుగాటి సూది ఎప్పుడూ చొక్కా కాలరులో గుచ్చుకుని ఉండేవాడు. చిన్నప్పుడు ఆయన ఎత్తుకుంటే ముందు కాలరు తడిమి చూసుకుని, ఆ తర్వాతే మెడ మీద తల పెట్టేదాన్ని. ముక్కుపొడి డబ్బా బొడ్లో ఉండేది. నూగు లోపలికి పోకుండా ముక్కుపొడి కాపాడుతుందని ఆయన నమ్మకం. అది కాపాడిందీ లేదు, ఆయన మానిందీ లేదు. ఊరందరికీ పరుపులు కుట్టి పెట్టిన మనిషి, తను మాత్రం చాప మీదే పడుకునేవాడు. దిండు ఒక్కటి ఉంటే చాలు. పడుకోబోయే ముందు దాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. మేమూ అలాగే తట్టేవాళ్లం.

ఇక మా ఇంటి దిండ్ల సంగతి చెప్పాలి. చెబితే కొందరు ముక్కు మూసుకుంటారు, అయినా చెబుతాను.

మా వైపు ఇంట్లో మనిషి పోతే, ఆ మనిషి పడుకున్న పరుపూ దిండూ మళ్లీ ఇంట్లో వాడరు. ఊరి బయట పారేస్తారు. మా ఊళ్లో మాత్రం పారేయకుండా నాయనకు కబురు పెట్టేవాళ్లు. పెద్దకర్మ అయ్యాక వెళ్లి, ఆ పరుపును సైకిలు మీద వేసుకుని తెచ్చేవాడు. బిస్మిల్లా అనుకుంటూ కుట్లు విప్పేవాడు. దూదిని గుట్టలుగా చేసి పెరట్లో ఎండలో పోసేవాడు. తర్వాత విల్లు తగిలించుకుని కూర్చుని, కొయ్యగుండుతో నరాన్ని కొడుతూ ఏకేవాడు. గడ్డలు కట్టిన మురికి దూది తెల్లగా గాలిలోకి లేచి పడుతుంటే మేం చుట్టూ కూర్చుని చూసేవాళ్లం.

ఆ దూదిని ఇంకొకళ్ల పరుపులో కలిపేవాడు కాదు. పెళ్లి పరుపులో ఇది కలిపితే నా కళ్లు పోతాయనేవాడు. పారేయడానికీ చేతులొచ్చేవి కావు. అందుకని అదంతా మా ఇంట్లో దిండ్లయ్యేది. దిండు దిండుకీ పేరుండేది. కరణం గారి తల్లి, రైసు మిల్లు ఆయన, పోస్టుమాస్టరు గారు. మా చెల్లికి పోస్టుమాస్టరు గారంటే పడిచచ్చేంత ఇష్టం, మెత్తగా ఉంటాడని. నాకు తరచూ కరణం గారి తల్లి వచ్చేది. ఆవిడ బతికుండగా నన్ను దొడ్లో జామకాయల కోసం తిట్టిన మనిషి, అందుకని తల పెట్టాలంటే భయంగా ఉండేది. పక్కలు పరిచేటప్పుడు మేం అడిగే మొదటి మాట, "ఇదెవరు నాయనా?" ఆయన దిండును ఒక్కసారి తట్టి చూసి పేరు చెప్పేవాడు, గారు తగిలించి మరీ.

అమ్మకు ఇదంతా మహా చిరాకు. ఊళ్లో చచ్చినోళ్లందరినీ నా నెత్తికి చుట్టాడు అనేది. ఆయన నవ్వేవాడు.

"దూదికేం తెలుసే? నాలుగు ఎండలు చూపించి ఏకితే అన్నీ మర్చిపోయిద్ది."

ఏ దిండు గురించి ఎవరు అడిగినా ఆయన జవాబు అదే. ఒకసారి మా మేనమామ వచ్చి మా ఇంట్లో మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాడు. చెల్లి అప్పటికి చిన్నది. మామయ్య దగ్గరకెళ్లి, మామా నీకు రైసు మిల్లు ఆయన వచ్చాడా, ఆయన గురక పెట్టేవాడంట అని చెప్పింది. విషయం ఏంటో ఆరా తీసి, అంతా విని, మామయ్య లేచిన లేవడం మళ్లీ కూర్చోలేదు. బస్సు లేని వేళ నడుచుకుంటూ రోడ్డెక్కాడు. అమ్మ ఆ సాయంత్రం నాయనకు అన్నం పెట్టకుండా ఎడాపెడా దులిపేసింది. నాయన మాత్రం, మీ అన్నకు నిద్ర ప్రాప్తం లేదులే అని దిండు తట్టుకుని పడుకున్నాడు.

దూది గురించి నాయన చెప్పే మాట నిజం కానిది ఒక్కసారే చూశాను. నాకు పెళ్లి కాకముందు సంగతి. ఆ ఏడు పత్తికి పురుగు పట్టింది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. మా బజారు చివర ఒక కుర్ర రైతు ఆ మందే తాగి పోయాడు. కర్మ కూడా కాకముందే అతని పెళ్లాం ఆ పరుపును నెత్తిన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. తీసుకో బాబాయ్, కళ్లముందు ఉంటే చూడలేకపోతున్నా అంది. నాయన వద్దనలేక దించుకున్నాడు. రోజూ ఎండలో వేశాడు, తిరగేశాడు, ఏకాడు, మళ్లీ ఎండబెట్టి మళ్లీ ఏకాడు. దిండులో కూరి, తనే తల పెట్టి చూశాడు. వెంటనే లేచి కూర్చున్నాడు. పురుగుల మందు వాసన అలాగే ఉంది. కుట్లు విప్పి, దూదంతా గోనెలో వేసుకుని, పలుగు పట్టుకుని ఊరవతల బీడుకి వెళ్లి పూడ్చి వచ్చాడు. నీళ్లు పోసుకుని వచ్చి అరుగు మీద కూర్చుంటే, ఏమైంది నాయనా అని అడిగాను. "అది మర్చిపోదమ్మా" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

అమ్మ కామెర్లతో పోయింది. అప్పటికి మా ఇద్దరి పెళ్లిళ్లూ అయ్యాయి, కబురంది వచ్చాం. మూడోనాడు పోయినవాళ్ల పేరున చదివించే ఫాతెహా అయ్యి చుట్టాలు వెళ్లిపోయారు. తెల్లారి లేచి పెరట్లోకి వెళ్తే అమ్మ దిండు విప్పి ఉంది. దూది ఎండలో పోసి ఉంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"అంత తొందరేంటి నాయనా? అమ్మ వాసన కూడా ఇంకా పోలేదు దాన్లో!"

"పోవాలనేగా" అన్నాడు.

మొహం ఎత్తి చూడలేదు. దూదికేం తెలుసని మళ్లీ పాత పాటే మొదలు పెడతాడేమోనని, దూది సరే, మరి నువ్వు మర్చిపోతావా అని అడిగేశాను. ఆయన విల్లు దించి, నరం బిగించి, కొయ్యగుండు చేతిలోకి తీసుకున్నాడు.

"మనిషిని ఏకేవాడు యాడున్నాడు తల్లీ?" అన్నాడు.

తర్వాత ఏకుతూనే ఉన్నాడు. ఒక్క దిండు దూదికి అంతసేపు పట్టదు. పొద్దు నెత్తి మీదికి వచ్చినా ఆ మోత ఆగలేదు. ఏకిన దూదినే మళ్లీ ఏకాడు. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూసి లోపలికి పోయారు.

ఆ దూదితోనే దిండు కుట్టి తన చాప మీద వేసుకున్నాడు. పక్కలు పరుస్తున్నప్పుడు చెల్లి అలవాటు కొద్దీ, తెలిసి తెలిసీ, ఇదెవరు నాయనా అంది. ఆయన పేరు చెబుతాడని, ఒక్కసారి అమ్మ పేరు ఆయన నోట వినాలని దాని ఆశ. నాకూ అదే ఆశ. ఆయన దిండు తట్టాడు. మళ్లీ తట్టాడు.

"ఎవరైతే ఏంలే, పడుకోండి" అన్నాడు.

ఊళ్లో చచ్చిన ప్రతివాళ్లకీ గారు తగిలించి పేరు చెప్పిన మనిషి, కట్టుకున్నదాని పేరు చెప్పలేకపోయాడా అని నాకు చాలా ఏళ్లు కోపంగా ఉండేది. చెల్లికి చెప్పి తిట్టుకునేదాన్ని కూడా. అదేమో, పోనీలే అక్కా, మగాళ్లంతే అనేది.

అమ్మ పోయాక ఆయన పనికి పోవడం తగ్గింది. పోదామన్నా పనీ లేదు. పెళ్లిళ్లకు ఫోమ్ పరుపులు కొనడం మొదలైంది. ఏకాల్సిన దూదేమన్నా ఉంటే గుంటూరు మిషనుకి పంపేవాళ్లు. ఎప్పుడన్నా చూడబోతే విల్లు గోడకి తగిలించి ఉండేది, ఆయన దాని కింద చాప మీద ఒక పక్కకు తిరిగి పడుకుని దగ్గుతూ ఉండేవాడు. మా ఇంటికి వచ్చేయమంటే, మీ ఇంట్లో నిద్ర పట్టదమ్మా అనేవాడు. అలాగే ఒక రోజు అదే చాప మీద, అదే పక్కకు తిరిగి పోయాడు.

నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక చెల్లీ నేనూ ఆయన వస్తువులు పంచుకోవడానికి కూర్చున్నాం. పంచుకోవడానికేముంది? చొక్కాలు, పంచెలు పేదవాళ్లకి ఇచ్చేశాం. సైకిలు తుప్పు పట్టి ఉంది, అడిగినవాళ్లకి ఇచ్చాం. కళ్లజోడు చెల్లి తీసుకుంది. దాని ఒక కాడ ఎప్పుడో విరిగితే పరుపు దారంతో చుట్టుకున్నాడు. ముక్కుపొడి డబ్బా కూడా తనే తీసుకుంది. మూత తీసి వాసన చూసి, తుమ్మి, తుమ్ముతూనే ఏడ్చింది. సూది, విల్లు, కొయ్యగుండు నేను తీసుకున్నాను. నాకు వాటికంటే కావాల్సింది ఇంకొకటి ఉంది. అది ఆయన పోయిన రోజే తీసి దాచాను.

ఆయన దిండు అది. స్నానం చేయించడానికి ఆయన్ని లేపాక, చాపతోపాటు దాన్ని కూడా బయట పడేయబోతుంటే లాక్కున్నాను. ఆయన తల పెట్టిన చోట గుంట అలాగే ఉంది. ఒక పక్కకే పడుకునేవాడు గనక గుంట కూడా ఒక పక్కకే ఉంది. కొబ్బరినూనె మరక, ముక్కుపొడి ఘాటు. దాని లోపలున్నది అమ్మ దూది. ఇద్దరూ ఉన్న చోటు ఈ భూమ్మీద అదొక్కటే మిగిలింది నాకు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. కండక్టరు పైన పెట్టమ్మా, చోటు లేదు అంటే వినిపించుకోలేదు.

ఇంటికి తెచ్చాక దాన్ని ఎండలో వేయలేదు. ఎండ చూపిస్తే మర్చిపోయిద్ది కదా. తట్టలేదు. తడితే గుంట పోతుంది కదా. మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి కట్టి, బీరువా కింది అరలో పెట్టాను. మా ఆయన చూసి, దూదేకులోళ్ల పిల్లవి, దూదిని ప్లాస్టిక్కులో పెడతావా అని నవ్వాడు. పెడతాను, నా ఇష్టం అన్నాను. మనసు బాగోలేనప్పుడు మూతి విప్పి, మొహం దగ్గర పెట్టుకుని, మళ్లీ కట్టేసేదాన్ని. నాయన అక్కడే ఉండేవాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. మా ఇంటి గోడలు చెమ్మ కొడతాయి. ఒక రోజు సంచి విప్పితే ముక్కుపొడి వాసన రాలేదు. ముక్కిపోయిన వాసన వచ్చింది. గలేబు మీద నల్లగా బూజు. చేయి పెడితే లోపల తడి తడిగా గడ్డలు. గుంట చుట్టూ సన్నటి పురుగులు పాకుతున్నాయి. నేను కింద కూలబడి ఏడుస్తుంటే మా ఆయన వచ్చి చూశాడు. ఆయన ఈసారి నవ్వలేదు. ఏకిస్తే మిగిలిద్ది, లేకపోతే మొత్తం పోయిద్ది అన్నాడు.

అది నాకు తెలియదా? ఏకితే దూది మిగులుతుంది, నాయన మిగలడు. ఏకకపోతే రెండూ మిగలవు. ఇంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

ముందు నేనే ఏకుదామనుకున్నాను. ఆయన విల్లుతో, ఆయన కొయ్యగుండుతో అయితే అంత అన్యాయం జరగదులే అనిపించింది. అటక మీంచి విల్లు దించితే నరాన్ని ఎలుకలు కొరికేసి ఉన్నాయి. కొత్త నరం కోసం అడగని చోటు లేదు. ఇప్పుడెవరు వాడుతున్నారమ్మా అన్నారు. నైలాను తాడు కట్టి మీటాను. డబ్ మని చచ్చు చప్పుడు. దూది కదలనన్నా కదల్లేదు.

గుంటూరు మిషను దగ్గరకు తీసుకెళ్లాను. మిషను నడిపే ఆయన మా దూదేకులవాడే, పెద్దవాడు. సంచి విప్పి చూసి మొహం చిట్లించాడు. ఈ ఒక్క దిండుకి మిషను ఎక్కించడం దండగ, ఇది పారేసి ఆ గుట్టలోంచి మంచి దూది తీసుకుపో అన్నాడు. ఇదే కావాలన్నాను. లోపల ఇంతకుముందు వేసిన దూది ఉంటది, ఎటూ కలిసిద్ది అన్నాడు. ఊడ్చి వేయండన్నాను. సణుక్కుంటూనే చీపురు తీసుకుని లోపలంతా ఊడ్చాడు. అప్పుడు పురుగులూ బూజూ ఏరి, ఎండలో ఆరబోసి, దూదిని మిషను నోట్లో పెట్టాడు.

నిలబడి చూస్తూ నేను కోరుకున్నది ఒక్కటే. ఆ కుర్ర రైతు దూదిలాగా ఇదీ మర్చిపోకూడదని. ఎన్నిసార్లు ఏకినా వదలని వాసన ఆ రోజు నాయనను బీడు దాకా తీసుకెళ్లింది. ఇందులో కాస్తంత ముక్కుపొడి ఘాటు వదలకుండా ఉంటే నాకు చాలు. నేను పూడ్చిపెట్టను, దాచుకుంటాను.

మిషను చప్పుడుకి చెవులు గింగురుమన్నాయి. టీ తాగేంతసేపు కూడా పట్టలేదు. తెల్లటి దూది పొంగుకుంటూ వచ్చి గోనె మీద పడింది. ఆయన ఒక గుప్పెడు తీసి, పిండి, వదిలాడు.

"బాగొచ్చిందమ్మా. అచ్చం కొత్తదే" అన్నాడు.

రెండు చేతుల్తో తీసుకుని మొహానికి ఆనించుకున్నాను. వెచ్చగా ఉంది. మిషను వేడి వాసన, దూది వాసన. అంతే. ఇంకో గుప్పెడు తీశాను. గోనె అడుగు నుంచి తీశాను. ఎక్కడా నాయన లేడు. అమ్మ అంతకుముందే లేదు. ఆయన చెప్పింది నిజమే, దూది అన్నీ మర్చిపోయింది. మిషనాయన ఏమన్నా పడిందా అమ్మా కంట్లో అని అడిగాడు. నూగు పడిందన్నాను.

ఇంటికి తెచ్చి, ఆయన సూదితోనే దిండు కుట్టి, కొత్త గలేబు తొడిగాను. నాకు తల పెట్టాలనిపించలేదు. మంచం మీద పడి ఉంది.

పోయిన నెలలో ఒంగోలు నుంచి చెల్లి వచ్చింది. ఈ సంగతులేవీ దానికి చెప్పలేదు నేను. దిండు ఇంకా బీరువాలోనే ఉందని అది అనుకుంటోంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక నడుం వాల్చడానికి మంచం ఎక్కి, దిండు దగ్గరకు లాక్కుని, అరచేత్తో రెండుసార్లు తట్టింది. భలే మెత్తగా ఉందే అంది. పోస్టుమాస్టరు గారికంటే మెత్తన అని నవ్వింది. నవ్వుతూనే, చిన్నప్పటిలా అడిగింది.

"ఇదెవరే అక్కా?"

నేను కుట్టు మిషను మీద తల వంచుకుని ఉన్నాను. నాయన అన్న ఒక మాట నోటి దాకా వచ్చి కూర్చుంది. దాన్ని మించిన జవాబు నాకూ దొరకలేదు.

"ఎవరైతే ఏంలే, పడుకో" అన్నాను.